నెలల తరబడి వదలని దగ్గు: ముందు ముందు ఎలా ఉంటుందో తేల్చుకోవడం ఎలా?

దగ్గు మొదలై రెండు నెలలు దాటింది. సిరప్‌లు మారాయి, యాంటీబయాటిక్స్ అయిపోయాయి, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. దగ్గు మాత్రం అలాగే ఉంది. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు డాక్టర్‌ను పైకి అడిగేది "ఏ మందు వాడమంటారు" అని. లోపల తొలిచే ప్రశ్న వేరు: ఇది అసలు తగ్గుతుందా, బతికినన్నాళ్లూ ఇంతేనా?

దగ్గు ఎన్నాళ్లు ఉంటుందనేది అది ఎంత గట్టిగా వస్తోందన్నదాన్ని బట్టి ఉండదు, ఎందుకు వస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. కారణం దొరికి, దానికి తగిన చికిత్స పడితే చాలామందికి పూర్తిగా పోతుంది, లేదంటే పట్టించుకోనక్కర్లేనంతగా తగ్గుతుంది. కొందరికి పరీక్షలన్నీ అయ్యాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాళ్లకూ చేయగలిగింది చాలా ఉంది. మీరు ఏ దారిలో ఉన్నారో కనుక్కోవడానికి కింది వరుసలో వెళ్లండి. మధ్యలో అడుగులు వదిలేసి చివరి మందుల దగ్గరికి దూకితే, సులువుగా పోయే దగ్గును కూడా మొండి దగ్గని పొరబడే ప్రమాదం ఉంది.

1. ముందు వారాలు లెక్కపెట్టండి

జలుబుతో వచ్చిన దగ్గు సాధారణంగా మూడు వారాల్లో పోతుంది. వైరస్ వెళ్లిపోయినా శ్వాసనాళాల్లో వాపు మిగిలితే ఎనిమిది వారాల దాకా సాగవచ్చు. ఈలోపు రోజురోజుకీ కొంచెమైనా తగ్గుతోందంటే అది దానంతటదే పోయే దగ్గు కావడానికే ఎక్కువ అవకాశం. పెద్దవాళ్లలో ఎనిమిది వారాలు దాటితేనే దీర్ఘకాలిక దగ్గు అంటారు. దీనికి ఒక మినహాయింపు కోరింత దగ్గు. తెరలు తెరలుగా, వాంతి అయ్యేంతగా వచ్చి మూడు నెలల దాకా పీడించి, ఆ తర్వాత పోతుంది. చిన్నప్పుడు టీకా వేయించుకున్న పెద్దవాళ్లకు కూడా రావచ్చు, ఎందుకంటే ఆ టీకా రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

ఎనిమిది వారాలు దాటిందని తేలితే ఒంటరిగా కుంగిపోకండి. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు ఇలా దగ్గుతున్నవాళ్లే. యాభై, అరవైల్లో ఉన్న ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. వాళ్లలో దగ్గును పుట్టించే నరాలు మగవాళ్లలో కంటే త్వరగా స్పందిస్తాయి.

2. ఆలస్యం చేయకూడని లక్షణాలు ఉన్నాయేమో చూసుకోండి

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వారాల లెక్క పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ను కలవండి.

- దగ్గితే రక్తం పడటం, అది చిన్న చారైనా సరే
- కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసేలా చెమటలు
- కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం
- గొంతు బొంగురుపోయి తిరిగి రాకపోవడం, మింగడం కష్టమవడం
- పొగతాగే అలవాటు ఉండి, నలభై ఐదేళ్లు దాటాక కొత్తగా దగ్గు రావడం, లేదా పాత దగ్గు తీరు మారడం
- న్యుమోనియా మళ్లీ మళ్లీ రావడం

దగ్గుతో పాటు జ్వరం, చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే టీబీ పరీక్ష తప్పనిసరి. దగ్గు రెండు వారాలు దాటితే చాలు, ఈ పరీక్ష గురించి అడగవచ్చు. మామూలు మందులకు లొంగే టీబీ ఆరు నెలల చికిత్సతో నయమవుతుంది. అందులో అసలు ప్రమాదం ఆలస్యమే.

ఇవేవీ లేకుండా, ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉంటే ఒక పెద్ద బరువు దింపుకోవచ్చు. ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఉండే అవకాశం బాగా తగ్గిపోయింది. మిగిలింది ఓపిగ్గా వెతకడం.

3. మీ మాత్రల పెట్టె, మీరు పీల్చే గాలి: వెతుకులాట ఇక్కడ మొదలుపెట్టండి

అన్నిటికంటే సులువుగా పోయే దగ్గు ఇక్కడే దొరుకుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ లాంటి "ప్రిల్" అని ముగిసే పేరున్న బీపీ మాత్రలు కొందరిలో పొడి దగ్గు పుట్టిస్తాయి. మాత్ర మొదలుపెట్టిన కొన్ని గంటల్లోనే రావచ్చు, కొన్ని నెలలకూ రావచ్చు. అందుకే "ఈ మాత్ర ఏడాదిగా వాడుతున్నా, దానివల్ల కాదులే" అని తీసిపారేయకండి. మాత్ర ఆపాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో దగ్గు పోతుంది. కొందరికి మూడు నెలలు పట్టవచ్చు. కానీ మీ అంతట మీరు ఆపకండి. బీపీ, గుండె రెండూ ఆ మాత్ర మీద ఆధారపడి ఉండవచ్చు. మార్చమని డాక్టర్‌ను అడగండి. లోసార్టన్, టెల్మిసార్టన్ లాంటి వాటితో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

సిగరెట్, బీడీ తాగేవాళ్లకు మందులకంటే ముందు చెప్పాల్సింది మానేయమనే. మానేసిన మొదటి రోజుల్లో దగ్గు పెరిగినట్టు అనిపించవచ్చు. చాలామంది అక్కడే బెదిరి మళ్లీ మొదలుపెడతారు. ఆ కొద్ది వారాలు దాటితే ఎక్కువమందికి దగ్గు తగ్గుముఖం పడుతుంది. అప్పటికే సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు) మొదలై ఉంటే పోయిన ఊపిరితిత్తుల శక్తి తిరిగి రాదు కానీ, ఇకమీదట పోయే వేగం తగ్గుతుంది. ఇంట్లో ఇంకొకరు తాగే పొగ, పని చేసేచోట దుమ్ము, రసాయనాల ఆవిరి కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. సెలవు రోజుల్లో దగ్గు తగ్గి, పనిలోకి వెళ్లగానే పెరుగుతోందా? ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

4. మిగిలిన కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టండి

పొగతాగని, ప్రిల్ మాత్రలు వాడని, ఎక్స్‌రే బాగున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణాలు ముక్కు-సైనస్, ఆస్తమా, దానికి దగ్గర చుట్టమైన ఇసినోఫిలిక్ బ్రాంకైటిస్ (ఇసినోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు చేరి శ్వాసనాళాలు వాచే జబ్బు), కడుపులోంచి పైకి ఎగదన్నే ఆమ్లం. ఒకే మనిషికి రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే. అందుకే ఇక్కడ ఒక పద్ధతి కావాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ పడుకునే ముందు ఆ రోజు దగ్గు ఎంత బాధించిందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయండి. ఒక చికిత్స మొదలుపెట్టాక దానికి పట్టే సమయం పూర్తిగా ఇవ్వండి. కొంత తగ్గితే దాన్ని కొనసాగిస్తూ రెండోది కలపాలి. ఏమీ తగ్గకపోతే డాక్టర్‌తో మాట్లాడి ఆపేయాలి. పనిచేయని మందును ఏళ్ల తరబడి మింగుతూ ఉండటం, పనిచేసే మందును వారంలోనే వదిలేయడం, ఈ రెండూ దగ్గును సాగదీస్తాయి.

ముక్కు వల్ల వచ్చే దగ్గులో గొంతు వెనక ఏదో కారుతున్నట్టు ఉంటుంది, మాటిమాటికీ గొంతు సవరించుకోవాలనిపిస్తుంది. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, అలర్జీ మాత్రలు దీనికి వాడతారు. స్ప్రే పూర్తి ప్రభావం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. అలర్జీ ఉన్నంతకాలం ఈ దగ్గు సీజన్‌ను బట్టి వచ్చిపోతుంటుంది.

ఆస్తమా దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. పిల్లికూతలు లేవు, ఆయాసం లేదు, కాబట్టి ఆస్తమా కాదనుకుంటారు. కానీ దగ్గు ఒక్కటే లక్షణంగా ఉండే ఆస్తమా ఉంది. రాత్రిపూట, తెల్లవారుజామున, చల్లగాలికి, వ్యాయామం తర్వాత పెరుగుతుంటే దీన్ని అనుమానించాలి. మామూలుగా ఊది చూసే స్పైరోమెట్రీ ఇందులో బాగానే రావచ్చు. అప్పుడు శ్వాసలో నైట్రిక్ ఆక్సైడ్ కొలవడం, రక్తంలో ఇసినోఫిల్స్ చూడటం, మెథకోలిన్ పరీక్ష (శ్వాసనాళాలు ఎంత త్వరగా బిగుసుకుంటాయో చూసేది) లాంటివి అవసరమవుతాయి. ఇన్‌హేలర్‌లో ఇచ్చే స్టెరాయిడ్ దీనికి ప్రధాన మందు. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది, కొందరికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. ఇన్‌హేలర్ మొదలుపెడితే ఇక వదలదేమోనని చాలామంది భయపడతారు. అది అలవాటుపడే మందు కాదు. ఊపిరితిత్తులకే నేరుగా చేరుతుంది కాబట్టి మోతాదు కూడా చాలా తక్కువ. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. ఈ రకం దగ్గు ఉన్న పెద్దవాళ్లలో పదిమందికి ముగ్గురు నలుగురిలో కాలక్రమంలో పిల్లికూతలతో కూడిన పూర్తి ఆస్తమా వస్తుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ క్రమంగా వాడితే ఆ ముప్పు తగ్గుతుంది. కాబట్టి దగ్గు పోగానే మీ అంతట మీరు ఇన్‌హేలర్ పక్కన పడేయకండి. ఇసినోఫిలిక్ బ్రాంకైటిస్ కూడా ఇదే మందుకు బాగా లొంగుతుంది కానీ, ఆపాక తిరగబెట్టే గుణం దానికీ ఉంది.

ఎసిడిటీ విషయంలో మాత్రం తొందరపడి మాత్రలు మొదలుపెట్టవద్దనే చెబుతాను. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవాళ్లకు ఆమ్లం తగ్గించే మాత్రలు పనికొస్తాయి. అవేవీ లేకుండా దగ్గు ఒక్కటే ఉంటే ఈ మాత్రలు పెద్దగా మేలు చేయవని ఇప్పుడున్న వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. బరువు ఎక్కువుంటే తగ్గడం, పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించడం, మంచం తలవైపు ఎత్తు పెంచడం ఎవరైనా చేయవచ్చు. దీనికి రెండు మూడు నెలల ఓపిక కావాలి.

గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు పక్కవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష గురించి కూడా అడగండి. దానికి చికిత్స చేస్తే దగ్గు తగ్గినవాళ్లు ఉన్నారు.

ఇక స్కాన్‌లో బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు వెడల్పై కఫం నిలిచిపోయే జబ్బు), ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు లాంటివి బయటపడితే లెక్క మారుతుంది. అప్పుడు దగ్గు భవిష్యత్తు ఆ జబ్బు భవిష్యత్తుతో ముడిపడి ఉంటుంది. జబ్బు పూర్తిగా పోకపోవచ్చు కానీ, కఫం బయటికి తీసే వ్యాయామాలు, టీకాలు, ఆ జబ్బుకు ఉన్న మందులతో దగ్గును అదుపులో పెట్టుకోవచ్చు.

5. అన్నీ అయ్యాక కూడా దగ్గు మిగిలితే, అది ఏమిటో అర్థం చేసుకోండి

ఇక్కడికి వచ్చినవాళ్లు చాలా మాటలు పడి ఉంటారు. "రిపోర్టులన్నీ బాగున్నాయి, అంతా మీ మనసులోనే ఉంది" అనేది వాటిలో బాగా గాయపరిచే మాట. అది నిజం కాదు. ఈ దగ్గు వెనక ఉన్నది నరాల అతిసున్నితత్వం. గొంతు, శ్వాసనాళాల నుంచి మెదడుకు సంకేతం తీసుకెళ్లే వేగస్ నరం చిన్న తాకిడికి కూడా పెద్ద హెచ్చరిక పంపుతుంది. అందుకే ఇతరులకు ఏమీ అనిపించని సెంటు వాసన, చల్లగాలి, ఫోన్లో కాసేపు మాట్లాడటం, నవ్వడం కూడా దగ్గు తెప్పిస్తాయి. ఈ నరం కొమ్మ ఒకటి చెవిలోకి కూడా వెళ్తుంది, చెవిలో పుల్ల పెట్టగానే కొందరికి దగ్గు వచ్చేది అందుకే. 2014లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ బృందం ఈ అతిసున్నితత్వాన్నే దీర్ఘకాలిక దగ్గుకు మూలంగా చూడాలని ప్రతిపాదించింది. అప్పటి నుంచి వైద్యుల చూపు కూడా మారుతూ వచ్చింది.

మరి వీళ్ల సంగతి ముందు ముందు ఎలా ఉంటుంది? కారణం తేలని దగ్గు ఉన్న 42 మందిని ఏడేళ్లు దాటాక మళ్లీ చూసిన ఒక చిన్న పరిశీలనలో 14 శాతం మందికి దగ్గు పూర్తిగా పోయింది, 26 శాతం మందికి తగ్గింది. మిగతావాళ్లకు అలాగే ఉంది లేదా పెరిగింది. ఈ అంకెలు చూసి దిగులుపడేవాళ్లకు రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, వాళ్లలో చాలామంది కింద చెప్పబోయే గొంతు శిక్షణ, నరాల మందులు విస్తృతంగా వాడుకలోకి రాకముందు దగ్గుతో ఉన్నవాళ్లు. రెండు, ప్రమాదకరమైన జబ్బులు లేవని తేలిన దగ్గు, బాధ ఎంత పెట్టినా, మామూలుగా ఆయుష్షును తగ్గించదు.

కాబట్టి ఇక్కడ లక్ష్యం మార్చుకోవాలి. దగ్గు సున్నా కావాలని పట్టుబడితే ప్రతి దగ్గూ ఓటమిలా కనిపిస్తుంది. నోట్‌బుక్‌లో ఎనిమిది ఉన్న అంకెను నాలుగుకు తెచ్చుకోగలిగితే నిద్ర, ఉద్యోగం, నలుగురిలో కూర్చోవడం తిరిగి వస్తాయి.

6. గొంతుకు శిక్షణ ఇవ్వండి

నన్నడిగితే ఈ మొత్తం వరుసలో అందరూ తక్కువ అంచనా వేసే అడుగు ఇదే. దురద ఉన్నచోట గోకితే దురద పెరిగినట్టు, ప్రతి దగ్గూ గొంతును ఒరిపిడి పెట్టి తర్వాతి దగ్గును పుట్టిస్తుంది. ఆ గొలుసును తెంచడమే ఈ శిక్షణ పని. 2006లో ఆస్ట్రేలియాలో 87 మందితో జరిగిన ప్రయోగంలో, స్పీచ్ థెరపిస్ట్ దగ్గర ఈ శిక్షణ తీసుకున్నవాళ్లలో 88 శాతం మందికి మేలు జరిగింది. మామూలు ఆరోగ్య సలహాలు మాత్రమే విన్నవాళ్లలో మేలు జరిగింది 14 శాతం మందికే.

కానీ ఒక హెచ్చరిక. కఫం బాగా పడే దగ్గును ఇలా ఆపకూడదు. అది బయటికి రావాలి. ఈ పద్ధతి పొడి దగ్గుకు, అది కూడా డాక్టర్ పరీక్షలు అయ్యాకే.

దగ్గు వచ్చే ముందు గొంతులో ఒక చక్కిలిగింత, గరగర వస్తుంది. ఆ క్షణాన్ని గుర్తుపట్టడం మొదట నేర్చుకోండి. అది రాగానే నోరు మూసి, ఒకసారి గట్టిగా మింగండి, లేదా ఒక గుక్క నీళ్లు తాగండి. తర్వాత భుజాలు వదులు చేసి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. పెదవులు కొంచెం ముడిచి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. చక్కిలిగింత పోయేదాకా ఇలాగే చేయండి. మొదట్లో దగ్గును కొన్ని క్షణాలు వాయిదా వేయగలిగితే చాలు, అది గెలుపే. తర్వాత ఆ వాయిదా పెరుగుతుంది. పెద్ద తెర వచ్చి ఊగిపోతున్నప్పుడు కాకుండా, తేలికగా ఉన్న వేళల్లో రోజూ కాసేపు సాధన చేయండి.

గొంతు సవరించుకునే అలవాటు కూడా దగ్గుతో సమానం. దాని బదులు మింగండి. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి. నోటితో ఊపిరి తీసుకోకండి. మద్యం, కెఫీన్ ఎక్కువైతే గొంతు ఎండిపోతుంది. వీలుంటే దగ్గు మీద అనుభవమున్న స్పీచ్ థెరపిస్ట్ దగ్గరే నేర్చుకోండి; సాధారణంగా రెండు నుంచి నాలుగు సార్లు కలిస్తే సరిపోతుంది.

7. నరాల మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడండి

గొంతు శిక్షణ సరిపోకపోతే గాబాపెంటిన్, ప్రెగాబలిన్, అమిట్రిప్టిలిన్ లేదా చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. వీటిని పుట్టించింది వేరే జబ్బుల కోసం. ఇక్కడ నరాల అలజడిని తగ్గించడానికి వాడతారు. మత్తు, తల తిరగడం, మలబద్ధకం రావచ్చు, అందుకే తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఇవి జీవితాంతం వాడాల్సినవి అనుకోకండి. ఆరు నెలలకోసారి అయినా "ఇది ఇంకా అవసరమా, తగ్గించి చూద్దామా" అని మీరే అడగండి.

దగ్గు కోసమే తయారైన గెఫాపిక్సాంట్ అనే మందుకు 2022లో జపాన్‌లో, 2023లో యూరోపియన్ యూనియన్‌లో అనుమతి వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం లాభం చాలినంత కనిపించలేదని అనుమతి ఇవ్వలేదు. వాడినవాళ్లలో చాలామందికి నోటి రుచి మారిపోతుంది, మందు ఆపితే రుచి తిరిగి వస్తుంది. కోడీన్ ఉన్న దగ్గు మందులను మాత్రం నెలల తరబడి సొంతంగా తాగకండి. అవి నిజంగానే అలవాటుపడతాయి.

8. దగ్గు వెంట వచ్చే బాధలను దాచుకోకండి

దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడటం దీర్ఘకాలిక దగ్గు ఉన్న ఆడవాళ్లలో చాలా ఎక్కువ. సిగ్గుపడి ఏళ్లపాటు ఎవరికీ చెప్పరు, బయటికి వెళ్లడం మానేస్తారు. కటి కండరాల (మూత్రాన్ని ఆపిపట్టే కండరాల) వ్యాయామాలతో ఇది బాగా తగ్గుతుంది. అడక్కపోయినా డాక్టర్‌కు మీరే చెప్పండి. ఒక్కచోట పక్కటెముక పొడిచినట్టు నొప్పి వస్తుంటే, అది దగ్గుకు ఎముక చిట్లడం వల్ల కావచ్చు. దగ్గి దగ్గి కళ్లు బైర్లు కమ్మి పడిపోయిన సందర్భం ఒక్కటి ఉన్నా, డాక్టర్ సరే అనేదాకా వాహనం నడపకండి. నిద్రలేమి, మనుషుల్లోకి వెళ్లాలంటే టెన్షన్, ఏమీ బాగుపడదన్న నిరాశ, ఇవి కూడా చికిత్స అవసరమైన బాధలే.

ఇంట్లోవాళ్లకు ఈ దగ్గు అంటుకోదని ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క అనుమానం తీరితే ఇంట్లో సగం ఇబ్బంది పోతుంది.

9. ఏళ్ల తరబడి సాగితే మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి

దగ్గు అలాగే నిలకడగా ఉంటే ప్రతి మూడు నెలలకూ స్కాన్ తీయించుకోవాల్సిన పని లేదు. ఏడాదికోసారి డాక్టర్‌ను కలిసి, ఊపిరితిత్తుల శక్తి కొలిచే స్పైరోమెట్రీ చేయించుకోండి. కొద్దిమందిలో ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల శక్తి తగ్గుతుంది, అది ముందే పట్టుబడితే మంచిది. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా మీ వయసును, జబ్బులను బట్టి వేయించుకోండి, ఎందుకంటే ప్రతి కొత్త ఇన్ఫెక్షనూ సద్దుమణిగిన దగ్గును మళ్లీ రేపుతుంది. అలా రేగినప్పుడు మొదటికొచ్చిందని బెంబేలెత్తకండి. ఆరో అడుగులోని సాధన మళ్లీ రోజూ మొదలుపెట్టి, కొన్ని వారాలు అంకెలు గమనించండి.

మధ్యలో పొడి దగ్గు కఫం దగ్గుగా మారినా, రెండో అడుగులో చెప్పిన లక్షణాల్లో ఏదైనా కొత్తగా కనిపించినా పాత రిపోర్టుల మీద భరోసా పెట్టుకోకుండా కొత్తగా చూపించుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, ఒక్కోటి ఎన్ని వారాలు వాడారో, దానితో అంకె ఎంత మారిందో రాసిన నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. కొత్త డాక్టర్ అయితే, పాత పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించకుండా, ఇంకా చూడని కారణం ఏమిటో అక్కడి నుంచే మొదలుపెట్టగలుగుతారు.